"ముదిరింది" అన్నాక ఇంకేమి చేయవచ్చు? చర్మ క్యాన్సర్‌కు ఉన్న చికిత్సలు



డాక్టరు గదిలోంచి బయటికి వచ్చిన కుటుంబం వరండాలో బెంచీ మీద కూర్చుని మాట్లాడుకొనే మాటలు ఆసుపత్రిలో పనిచేసే వారందరికీ తెలిసినవే. "ముదిరిపోయిందట, ఇంక ఇంటికి తీసుకుపోదాం" అంటారు ఒకరు. "రెండెకరాలు అమ్మైనా సరే, పట్నం తీసుకుపోదాం" అంటారు ఇంకొకరు. పక్కనే కూర్చున్న రోగి ఏమీ మాట్లాడడు. ఆయన్ను ఎవరూ అడగరు కూడా.

ఈ రెండు నిర్ణయాలలో ఏదైనా సరైనది కావచ్చు, ఏదైనా పొరపాటు కావచ్చు. ఎందుకంటే "ముదిరింది" అనే మాట ఒక్కటే గాని దాని అర్థం ఒక్కటి కాదు. ముదిరిన చర్మ క్యాన్సర్లలో కొన్నింటిని ఆపరేషన్‌తో పూర్తిగా తీసివేయవచ్చు. కొన్నింటిని మందులతో సంవత్సరాల తరబడి అదుపులో ఉంచవచ్చు. కొన్నింటిలో జబ్బును ఆపలేకపోయినా నొప్పిని, వాసనను, రక్తస్రావాన్ని ఆపవచ్చు. మన మనిషి వీటిలో ఏ కోవకు చెందుతాడో తెలుసుకోకుండా ఇంటికి తీసుకుపోవడమూ, పొలం అమ్మడమూ రెండూ తొందరపాటే. ఆ సంగతి ఎలా తెలుసుకోవాలో, ఏయే చికిత్సలు ఉన్నాయో ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

మొదట తేలవలసిన మూడు సంగతులు

ఒకటి: ఇది ఏ రకం చర్మ క్యాన్సర్? రెండు: ఎంతవరకు పాకింది? మూడు: ఇవ్వబోయే చికిత్స దేనికోసం? అంటే పూర్తిగా నయం చేయడానికా, అదుపులో పెట్టడానికా, బాధ తగ్గించడానికా?

ఈ మూడింటికి జవాబు దొరికేవరకు ఏ పెద్ద నిర్ణయమూ తీసుకోవద్దు. అలాగని నెలల తరబడి ఆలస్యమూ చేయవద్దు. అవసరమైన పరీక్షలు చాలావరకు రెండు మూడు వారాలలో పూర్తవుతాయి.

మూడు రకాలు, మూడు తీరులు

చర్మ క్యాన్సర్ తెల్లవారికి వచ్చినంత ఎక్కువగా మనకు రాదు. మన చర్మంలో ఉన్న నల్లని రంగు పదార్థం, మెలనిన్, ఎండ దెబ్బ నుంచి కాపాడుతుంది. అందువల్లనే "మనకు చర్మ క్యాన్సర్ ఏమిటి?" అనుకుని చాలామంది ఆలస్యం చేస్తారు.

మొదటిది బేసల్ సెల్ క్యాన్సర్. ఎక్కువగా ముఖం మీద, ముక్కు పక్కన, కంటి దగ్గర వస్తుంది. చాలా నెమ్మదిగా పెరుగుతుంది. శరీరంలో ఇతర భాగాలకు పాకడం బహు అరుదు. కాని ఏళ్ల తరబడి వదిలివేస్తే ముక్కును, కంటి గుంటను, ఎముకను కూడా తినివేస్తుంది. ఈ రకంలో "ముదిరింది" అంటే సాధారణంగా ఉన్నచోటనే లోతుకు పోయిందని అర్థం.

రెండవది స్క్వామస్ సెల్ క్యాన్సర్. మన ప్రాంతాలలో ఇది ఎక్కువగా పాత గాయాల మీద పుడుతుంది. చిన్నప్పుడు ఒళ్లు కాలిన మచ్చ, ఏళ్ల తరబడి మానని కాలి పుండు, కుష్ఠు వ్యాధి వల్ల స్పర్శ పోయిన అరికాలి పుండు, ఎముకకు చీము పట్టి కారుతూ ఉన్న గాయం, ఇలాంటి చోట్ల ఇరవై ముప్పై ఏళ్ల తరువాత కూడా ఇది రావచ్చు. మార్జొలాఁ అనే ఫ్రెంచి వైద్యుడు 1828లో ఇటువంటి పుండ్లను వర్ణించినందున నేటికీ వీటిని ఆయన పేరుతోనే పిలుస్తారు. కాశ్మీరులో చలికి నిప్పుల కుంపటిని బట్టల లోపల పెట్టుకునే వారికి పొట్ట మీద, తొడల మీద ఈ క్యాన్సర్ వస్తుంది. ధోవతి, చీర బిగించి కట్టే నడుము దగ్గర వచ్చే క్యాన్సర్‌ను గురించి ముంబయి వైద్యులు 1945లోనే రాశారు. ఈ రకం గజ్జలలోని, చంకలలోని, మెడలోని గ్రంథులకు పాకగలదు. పాత గాయాల మీద పుట్టినది మరింత త్వరగా పాకుతుంది.

మూడవది మెలనోమా. చర్మానికి రంగునిచ్చే కణాలలో పుడుతుంది. మూడింటిలో అరుదైనదీ, ప్రమాదకరమైనదీ ఇదే. గ్రంథులకు, ఊపిరితిత్తులకు, కాలేయానికి, మెదడుకు, ఎముకలకు పాకగలదు. మన దేశంలో ఇది ఎక్కువగా అరికాలిలో, అరచేతిలో, గోరు కింద కనబడుతుంది. ముల్లు గుచ్చుకున్నదనో, ఆనె అనో, దెబ్బ తగిలి గోరు నల్లబడిందనో అనుకుంటూ కాలం గడిపేస్తారు.

ప్రసిద్ధ గాయకుడు బాబ్ మార్లీ సంగతి ఇదే. ఆయన కుడికాలి బొటనవేలి గోరు కింద ఉన్నది ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బ అనుకున్నారు. 1977లో పరీక్ష చేస్తే మెలనోమా అని తేలింది. వేలు తీసివేయాలన్నారు. ఆయన ఒప్పుకోలేదు. గోరు భాగం వరకు తీసి చర్మం అతికించే చిన్న ఆపరేషన్ జరిగింది. 1980 నాటికి జబ్బు మెదడుకు పాకింది. 1981 మే 11న, 36 ఏళ్లకే మరణించారు. నల్లని చర్మం వారికి చర్మ క్యాన్సర్ రాదన్నది నిజం కాదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

పాకిందో లేదో ఎలా తెలుస్తుంది?

ముందుగా పుండు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. దీనినే బయాప్సీ అంటారు. "ముక్క తీస్తే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుంది" అనే మాట మన ఊళ్లలో బాగా ప్రచారంలో ఉంది. ఇది నిజం కాదు. ముక్క పరీక్ష లేకుండా ఏ రకమో చెప్పడం ఎవరి వల్లా కాదు. రకం తెలియకుండా సరైన చికిత్సా లేదు.

తరువాత దగ్గరలోని గ్రంథులను చేతితో తడిమి చూస్తారు. గజ్జలో బిళ్ల కట్టినట్టు ఉంటే సన్నని సూదితో దానిలోని కణాలు తీసి పరీక్షిస్తారు. అవసరాన్ని బట్టి స్కానింగ్, సీటీ, ఎమ్మారై, పెట్ స్కాన్ చేయిస్తారు. మెలనోమా అయితే ఆ ముక్కలోనే బీరాఫ్ అనే జన్యువులో మార్పు ఉందేమో చూడమని అడుగుతారు. ఏ మందు పనిచేస్తుందో నిర్ణయించడానికి ఈ పరీక్ష కావాలి. కాబట్టి ముక్క పరీక్ష రిపోర్టును, వీలైతే ఆ ముక్కను ఉంచిన మైనపు దిమ్మను కూడా జాగ్రత్తగా దాచుకోండి. ఇంకో ఆసుపత్రికి వెళ్లినప్పుడు మళ్లీ ముక్క తీయించుకునే బాధ తప్పవచ్చు.

ఆపరేషన్

ముదిరినదైనా, పూర్తిగా తీసివేయగలిగిన స్థితిలో ఉంటే ఆపరేషనే మొదటి చికిత్స. గడ్డతోపాటు చుట్టూ ఉన్న మంచి చర్మాన్ని కూడా కొంత మేర తీస్తారు. ఖాళీ అయిన చోట తొడ నుంచి చర్మం తెచ్చి అతికిస్తారు. గ్రంథులకు పాకి ఉంటే వాటిని కూడా తీస్తారు. అలా తీసిన తరువాత కాలు గాని చెయ్యి గాని వాచే అవకాశం ఉంది. వ్యాయామం, బిగుతు పట్టీ, గాయాలు తగలకుండా జాగ్రత్త అవసరం.

పాత పుండు మీద పుట్టిన క్యాన్సర్ ఎముకలోకి దిగితే కాలు తీయవలసి రావచ్చు. ఈ మాట వినగానే చాలామంది ఆసుపత్రి నుంచి వెళ్లిపోతారు. ఆరు నెలల తరువాత తిరిగి వచ్చేసరికి జబ్బు గజ్జలకు, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు చేరి ఉండవచ్చు. అప్పుడు కాలు తీసినా ప్రయోజనం ఉండదు. కృత్రిమ కాలితో నడిచి, పని చేసుకుని, పిల్లల పెళ్లిళ్లు చేసినవారు ఎందరో ఉన్నారు. వారిలో ఒకరిని కలిసి మాట్లాడే ఏర్పాటు చేయమని మీ డాక్టరును అడగండి. నిర్ణయం తీసుకోవడానికి అది ఎంతో సహాయపడుతుంది.

రేడియేషన్

మనవాళ్లు దీనినే "కరెంటు పెట్టడం" అంటారు. ఇందులో కరెంటు షాకు ఏమీ ఉండదు. ఎక్స్‌రే వంటి కిరణాలను ఎక్కువ శక్తితో గడ్డ మీదికి పంపుతారు. ఆ సమయంలో నొప్పి తెలియదు. బేసల్, స్క్వామస్ రకాలలో ఆపరేషన్ వీలుకాని చోట, లేక వయసు మీరి ఆపరేషన్‌ను తట్టుకోలేని వారికి ఇది ప్రధాన చికిత్స కావచ్చు. ఆపరేషన్ తరువాత మిగిలిన కణాలను చంపడానికీ ఇస్తారు. ఎముకలో నొప్పి, పుండు నుంచి రక్తం కారడం వంటి వాటిని కొద్దిరోజుల రేడియేషన్‌తోనే తగ్గించవచ్చు. మెలనోమా మెదడులో చిన్న మచ్చలుగా ఉంటే వాటి మీదికే గురిపెట్టి కిరణాలు పంపే పద్ధతి ఉంది. పాత కాలిన మచ్చ మీద, రక్తప్రసరణ సరిగా లేని చర్మం మీద రేడియేషన్ అంత బాగా పనిచేయకపోవచ్చు. అందుకే అందరికీ ఒకే చికిత్స రాయరు.

కీమోథెరపీ

మెలనోమాకు డకార్బజైన్ అనే మందును 1970ల నుంచి వాడుతున్నారు. పదిమందిలో ఒకరిద్దరికి మాత్రమే గడ్డ తగ్గేది. ఆ తగ్గుదల కూడా కొద్ది నెలలే నిలిచేది. కొత్త మందులు రాకముందు, దూర భాగాలకు పాకిన మెలనోమా ఉన్నవారిలో సగం మంది ఏడాది తిరక్కముందే చనిపోయేవారు. స్క్వామస్ రకానికి సిస్‌ప్లాటిన్ వంటి మందులు వాడతారు. కొందరికి ఉపశమనం కలుగుతుంది. కొత్త మందులు అందని చోట కీమోథెరపీకి నేటికీ స్థానం ఉంది. కాని దాని నుంచి ఏమి ఆశించవచ్చో డాక్టరును నేరుగా అడిగి తెలుసుకోవాలి.

శరీరపు రక్షణ శక్తిని మేల్కొలిపే చికిత్స

గత పదిహేనేళ్లలో వచ్చిన పెద్ద మార్పు ఇది. దీనిని ఇమ్యూనోథెరపీ అంటారు. మన రక్తంలో టి-కణాలు అనే కాపలాదారులు ఉంటాయి. అవి మంచి కణాల మీద పడకుండా వాటికి సహజంగా బ్రేకులు ఉంటాయి. క్యాన్సర్ కణం ఉపాయంగా ఆ బ్రేకు మీద కాలు వేసి కాపలాదారును ఆపేస్తుంది. కొత్త మందులు ఆ బ్రేకును విడిపిస్తాయి. అప్పుడు మన కాపలాదారులే క్యాన్సర్ మీద పడతాయి. ఈ బ్రేకులను కనుగొని చికిత్సకు దారి చూపినందుకు అమెరికాకు చెందిన జేమ్స్ ఆలిసన్‌కు, జపాన్‌కు చెందిన తసుకు హోంజోకు 2018లో నోబెల్ బహుమతి లభించింది.

మెలనోమాకు ఇపిలిముమాబ్ 2011లో, పెంబ్రొలిజుమాబ్, నివొలుమాబ్ 2014లో అమెరికాలో ఆమోదం పొందాయి. వీటిని సెలైన్ మాదిరిగా నరంలోకి, మందును బట్టి రెండు వారాల నుంచి ఆరు వారాలకు ఒకసారి ఎక్కిస్తారు. ఇపిలిముమాబ్, నివొలుమాబ్ రెండూ కలిపి తీసుకున్న ముదిరిన మెలనోమా రోగులలో పదేళ్ల తరువాత కూడా వందకు 43 మంది జీవించి ఉన్నారని 2024లో ఫలితాలు వెలువడ్డాయి. ఒకప్పుడు ఏడాది కూడా గడవని జబ్బులో ఇది ఎంత పెద్ద మార్పో ఆలోచించండి.

అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌కు 2015లో, 90 ఏళ్ల వయసులో, మెలనోమా కాలేయానికీ మెదడుకూ పాకిందని తెలిసింది. కాలేయంలోని గడ్డను ఆపరేషన్ చేసి తీశారు. మెదడులోని మచ్చలకు రేడియేషన్ ఇచ్చారు. పెంబ్రొలిజుమాబ్ ఎక్కించారు. అదే సంవత్సరం డిసెంబరులో, తన ఊరి చర్చిలో ఆదివారపు బైబిలు తరగతి చెబుతూ, స్కానింగులో క్యాన్సర్ కనబడలేదని ఆయనే చెప్పారు. 2024 డిసెంబరు 29న నూరేళ్లు నిండిన తరువాత కన్నుమూశారు. ఆయనకు మూడు చికిత్సలు కలిపి ఇచ్చారన్న సంగతి గమనించండి. అందరికీ ఇలాగే జరుగుతుందని మాత్రం అనుకోరాదు. వందకు 43 మంది అన్నప్పుడు మిగిలిన 57 మంది కూడా ఆ లెక్కలో ఉన్నారు. పైగా ఆ పరీక్షలలో పాల్గొన్నవారు ఎక్కువగా తెల్లవారు. మనలో ఎక్కువగా కనబడే అరికాలి మెలనోమాలో ఈ మందులు అంత బాగా పనిచేయవు. ప్రయోజనం ఉంటుంది, కాని తక్కువమందికి. ఈ నిజం తెలిసే నిర్ణయం తీసుకోవాలి.

స్క్వామస్ రకానికి సెమిప్లిమాబ్ 2018లో, పెంబ్రొలిజుమాబ్ 2020లో అమెరికాలో ఆమోదం పొందాయి. ఆపరేషన్‌కు ముందే సెమిప్లిమాబ్ ఇచ్చి చూసిన ఒక పరిశోధనలో 79 మందిలో 40 మందికి, ఆపరేషన్‌లో తీసిన భాగంలో క్యాన్సర్ కణం ఒక్కటి కూడా మిగల్లేదని 2022లో తెలిసింది. గ్రంథులకు పాకిన మెలనోమాలో కూడా ఇమ్యూనోథెరపీని ఆపరేషన్‌కు ముందే మొదలుపెడితే ఫలితం మెరుగ్గా ఉందని 2023, 2024లలో వెలువడిన పరిశోధనలు తెలిపాయి. కాబట్టి ఆపరేషన్‌కు తేదీ ఇచ్చేముందు "ముందుగా మందు ఇచ్చి చూడవచ్చా?" అని అడగడం తప్పు కాదు.

బ్రేకు విడిచినందువల్ల కాపలాదారులు మంచి అవయవాల మీద పడే ప్రమాదమూ ఉంది. ఆగని విరేచనాలు, కొత్తగా దగ్గు, ఆయాసం, కళ్లు పచ్చబడటం, ఒళ్లంతా దద్దుర్లు, విపరీతమైన నీరసం కనబడితే ఆ రోజే ఆసుపత్రికి తెలపాలి. రెండు మందులు కలిపి ఇచ్చినవారిలో సగం మందికి పైగా తీవ్రమైన ఇబ్బందులు వచ్చాయి. చికిత్స ఆపిన నెలల తరువాత కూడా ఇవి రావచ్చు. ఊళ్లో మందుల షాపులో విరేచనాల మాత్ర కొని మింగి ఊరుకోవద్దు. సకాలంలో స్టెరాయిడ్ మందులు ఇస్తే చాలావరకు తగ్గుతాయి.

గురి చూసి పనిచేసే మాత్రలు

మెలనోమాలో బీరాఫ్ మార్పు ఉంటే డబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ అనే మాత్రలు కలిపి ఇవ్వవచ్చు. ఇవి త్వరగా పనిచేస్తాయి. కొద్ది వారాలలోనే గడ్డలు కరగడం చూడవచ్చు. కాని చాలామందిలో కొంతకాలానికి జబ్బు ఈ మాత్రలకు లొంగకుండా పోతుంది. జ్వరం తరచుగా వచ్చే ఇబ్బంది. రెండు మార్గాలూ వీలైన వారికి ముందు ఇమ్యూనోథెరపీ, తరువాత మాత్రలు ఇవ్వడం మేలని పరిశోధనలో తేలింది. బీరాఫ్ మార్పు లేని వారికి ఈ మాత్రలు ఉపయోగపడవు. అరికాలి మెలనోమాలో ఈ మార్పు తక్కువ. కొందరిలో కిట్ అనే మరో జన్యువులో మార్పు ఉంటుంది. వారిలో కొందరికి ఇమాటినిబ్ మాత్ర పనిచేస్తుంది.

బేసల్ రకం బాగా లోతుకు పోయి ఆపరేషన్, రేడియేషన్ వీలుకానప్పుడు విస్మోడెగిబ్ అనే మాత్ర ఉంది. ఇది 2012లో ఆమోదం పొందింది. కండరాలు పట్టేయడం, జుట్టు రాలడం, నోటికి రుచి పోవడం దీని ఇబ్బందులు. కడుపులోని బిడ్డకు ఇది తీవ్ర హాని చేస్తుంది. స్త్రీలు మాత్ర వాడుతున్నప్పుడే కాక, ఆపిన తరువాత రెండేళ్ల వరకు గర్భం దాల్చకూడదు.

ఖర్చు మాట

దీనిని దాచిపెట్టి లాభం లేదు. ఇమ్యూనోథెరపీలో ఒక్కో మోతాదు ఖర్చు లక్ష రూపాయలు దాటవచ్చు. పైన చెప్పిన మందులన్నీ మన దేశంలో అన్ని చోట్లా దొరకవు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం ఇప్పుడు తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పేరుతోను, ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతోను నడుస్తోంది. క్యాన్సర్ ఆపరేషన్, రేడియేషన్, కీమోథెరపీ ఈ పథకాల కింద చేస్తారు. కొత్త మందులలో ఏది వస్తుంది, ఏది రాదు అన్నది చికిత్స మొదలుపెట్టకముందే ఆ కౌంటరులో అడిగి తెలుసుకోండి. హైదరాబాదులో ప్రభుత్వ ఎమ్.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖపట్నంలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. రెండవ అభిప్రాయానికి అక్కడికి వెళ్లవచ్చు. మొదటి డాక్టరు దీనికి నొచ్చుకుంటారని భయపడవద్దు.

మందు మోతాదు తగ్గించి ఖర్చు తగ్గించే ప్రయత్నాలు మన దేశంలోనే జరుగుతున్నాయి. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో తల, మెడ క్యాన్సర్ రోగులకు మామూలు మోతాదులో పదో వంతు కన్న తక్కువ నివొలుమాబ్ ఇచ్చి చూశారు. మాత్రలతోపాటు ఆ కొద్దిపాటి మందు తీసుకున్నవారిలో ఏడాది తరువాత వందకు 43 మంది జీవించి ఉన్నారు. మాత్రలు మాత్రమే తీసుకున్నవారిలో 16 మంది. ఇది 2022లో ప్రచురితమైంది. చర్మ క్యాన్సర్‌లో కూడా ఇలాగే పనిచేస్తుందని దీనినిబట్టి చెప్పలేము. కాని మీ డాక్టరుతో మాట్లాడదగిన సంగతి.

కొన్ని పెద్ద ఆసుపత్రులలో క్లినికల్ ట్రయల్స్ జరుగుతాయి. ఇందులో చేరాలంటే మీ భాషలో వివరించి, మీ సంతకం తీసుకోవాలి. ఇష్టం లేకపోతే మధ్యలో మానుకునే హక్కు మీకు ఉంటుంది. పరిశోధనలో పరీక్షిస్తున్న మందుకు మీ దగ్గర డబ్బు అడిగితే అనుమానించి విచారించండి.

పొలం అమ్మేముందు ఒక్క మాట: "ఈ మందుతో ఎంతమందికి, ఎంతకాలం మేలు జరుగుతుంది? రెండు మూడు నెలల తరువాత స్కానింగ్ చేసి, పనిచేయకపోతే ఆపేస్తారా?" అని అడగండి. మధ్యలో డబ్బు చాలక ఆగిపోయే చికిత్స కంటే, చివరి వరకు నడపగలిగే చికిత్స మేలు కావచ్చు.

బాధ తగ్గించడం కూడా చికిత్సే

"చేయడానికి ఏమీ లేదు" అనే మాట ఏనాడూ పూర్తిగా నిజం కాదు. నొప్పికి మార్ఫిన్ మాత్రలు ఉన్నాయి. డాక్టరు చెప్పిన వేళకు, చెప్పిన మోతాదులో వాడితే అలవాటు పడతారన్న భయం అక్కరలేదు. నొప్పి వచ్చేదాకా ఆగకుండా గడియారం చూసి వేయాలి. మలబద్ధకం తప్పక వస్తుంది కనుక దానికి మందు మొదటి రోజు నుంచే వాడాలి.

వాసన వచ్చే పుండు రోగిని మనుషుల నుంచి దూరం చేస్తుంది. మనవళ్లను దగ్గరికి రానివ్వరు. కంచం విడిగా పెడతారు. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. పుండును రోజూ కాచి చల్లార్చిన ఉప్పునీటితో కడగాలి. డాక్టరు చెబితే మెట్రోనిడజోల్ మాత్రను మెత్తగా పొడి చేసి పుండు మీద చల్లవచ్చు. కొద్ది రోజులలోనే వాసన తగ్గుతుంది. కట్టు అంటుకుపోతే లాగవద్దు, తడిపి తీయాలి. ముదురు రంగు పాత తువాలు ఒకటి మంచం దగ్గర ఉంచుకోండి. రక్తం కారితే దానితో పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకుని, ఆసుపత్రికి ఫోను చేయండి.

ఈ సేవను చివరి రోజుల కోసం దాచుకోనక్కరలేదు. ఆపరేషన్, మందులు జరుగుతుండగానే మొదలుపెట్టవచ్చు.

చూడటానికి వచ్చే బంధువులకు, సంఘస్థులకు

"ఫలానా ఊళ్లో పసరు కడతారట, క్యాన్సర్ రాలిపోతుందట" అని చెప్పవద్దు. కాల్చే మందు పూస్తే పైన చర్మం రాలిపోయి, లోపల జబ్బు పెరుగుతూనే ఉంటుంది. ప్రార్థన చేసేవారు చేయండి. దానితోపాటు ఒకరు ఆసుపత్రికి తోడు వెళ్లండి. ఇంకొకరు కట్టు మార్చడం నేర్చుకోండి. రోగి పక్కన కూర్చుని ఆయన చెప్పేది వినండి. నిజం ఆయనకు చెప్పాలా వద్దా అని ఇంట్లో గుసగుసలాడుకునే సమయానికి, చాలాసార్లు ఆయనకు తెలిసే ఉంటుంది. "మీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది నాన్నా?" అని ఆయననే అడగండి.

డాక్టరును అడగవలసిన ప్రశ్నలు

ఇవి కాగితం మీద రాసుకుని వెళ్లండి. జవాబులు కూడా రాసుకోండి.

1. ఇది ఏ రకం? ముక్క పరీక్షలో ఏమని వచ్చింది?
2. గ్రంథులకు పాకిందా? దూరపు అవయవాలకు పాకిందా?
3. ఈ చికిత్స నయం చేయడానికా, అదుపులో ఉంచడానికా, బాధ తగ్గించడానికా?
4. వేరే ఏ మార్గాలు ఉన్నాయి? చికిత్స తీసుకోకపోతే ఏమవుతుంది?
5. ఏ ఇబ్బందులు రావచ్చు? రాత్రివేళ వస్తే ఎవరికి ఫోను చేయాలి?
6. మొత్తం ఖర్చు ఎంత? పథకంలో ఎంత వస్తుంది?
7. పనిచేస్తున్నదో లేదో ఎప్పుడు తెలుస్తుంది?

చివరగా, ఈ సంచిక చదువుతున్న ప్రతి ఇంటికీ ఒక మనవి. ఈ సాయంత్రం కాళ్లు కడుక్కునేటప్పుడు అరికాళ్లు తిప్పి చూసుకోండి. ఇంట్లో పెద్దవారి కాళ్లు మీరు చూడండి. కొత్తగా నల్లమచ్చ, పెరుగుతున్న మచ్చ, గోరులో నల్లని గీత, నెల దాటినా మానని పుండు, పాత కాలిన మచ్చ మీద కొత్తగా లేచిన కండ, వీటిలో ఏది కనబడినా డాక్టరుకు చూపించండి. అప్పుడు వరండాలో బెంచీ మీద కూర్చుని ఆ రెండు మాటల మధ్య నలిగే అవసరం రాకపోవచ్చు. ఇప్పటికే ఆ బెంచీ మీద కూర్చున్నవారు లేచి వెళ్లిపోకండి. ఆ ప్రశ్నల కాగితం తీసుకుని మళ్లీ ఒకసారి డాక్టరు గదిలోకి వెళ్లండి. ఈసారి రోగిని కూడా మాట్లాడనివ్వండి.